బృహన్నలకు ఒక్క ఏడాది, లీ లియన్‌యింగ్‌కు యాభై ఏళ్లు

(1991 నాటి చైనా చిత్రం ‘లీ లియన్‌యింగ్’ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇంత ఎండలో, తెలియని భాషలో తీసిన ముప్పై ఏళ్ల నాటి సినిమా చూడటానికి ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. చాలా సంతోషంగా ఉంది. కథ నేను చెప్పను. అది తెర మీదే చూద్దాం. కానీ ఈ సినిమాలో చాలా విషయాలు చెప్పకుండా వదిలేశారు. చైనా ప్రేక్షకులకు అవి చిన్నప్పటి నుంచీ తెలుసు, మనకు తెలియవు. భారతం తెలియనివాళ్లు మన పౌరాణిక చిత్రం చూస్తే ఎలా ఉంటుందో, ఇదీ మనకు అలా ఉండే ప్రమాదం ఉంది. అందుకని తెర వెనుక ఉన్న సంగతులు కొన్ని చెబుతాను.

ముందు ఒక మాట గురించి. చైనా అంతఃపురంలో పనిచేయడానికి పురుషత్వం తీసేసిన సేవకుణ్ణి వాళ్లు ‘తాయ్‌జియన్’ అంటారు. దానికి తెలుగులో ఏమనాలి? వీధిలో వినిపించే మాట ఒకటి ఉంది, అందరికీ తెలిసిందే, తిట్టుగా వాడతాం. ఆ మాట పుట్టుక చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ‘ఖ్వాజా’ అనే పారసీ పదం నుంచి వచ్చింది అది. ఖ్వాజా అంటే అయ్యగారు, పెద్దమనిషి. అంతఃపురంలో పెద్దరికం చేసే సేవకుణ్ణి గౌరవంగా పిలిచిన పిలుపు మన నోళ్లలో నలిగి నలిగి తిట్టు అయింది. సంస్కృత నాటకాలలో ‘వర్షవరుడు’ అనే పాత్ర ఉంటుంది, కానీ ఆ మాట ఈ రోజు ఎవరికీ అర్థం కాదు. నేను ‘అంతఃపుర సేవకుడు’ అంటాను. కొంచెం పొడుగైనా, అందులో అవమానం లేదు.

ఇలాంటి మనుషులు మనకు కొత్త కాదు. 1310లో ఓరుగల్లు కోటను ముట్టడించి ప్రతాపరుద్రుణ్ణి లొంగదీసుకున్న మాలిక్ కాఫూర్ అటువంటి బానిసే. ఢిల్లీ సుల్తానుకు సేనాని అయినవాడు. చైనాలో తేడా ఏమిటంటే, అక్కడ అది రెండు వేల ఏళ్లకు పైగా సాగిన వ్యవస్థ. దానికి నియమాలు, శ్రేణులు, జీతాలు, శ్మశానాలు కూడా విడిగా ఉండేవి.

ఆ వ్యవస్థలోకి పిల్లవాడు ఎలా వెళ్లేవాడో చెప్పాలి. చెప్పడం కష్టంగానే ఉంది, కానీ అది తెలియకపోతే ఈ సినిమాలో కథానాయకుడి వీపు ఎందుకు అలా వంగి ఉంటుందో తెలియదు. బీజింగ్‌లో రాజప్రాసాదం గోడ బయట ఈ పని చేసే కత్తివాళ్ల కుటుంబాలు ఉండేవి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వృత్తి. 19వ శతాబ్దంలో దీని గురించి రాసినవాళ్లు చెప్పిన ప్రకారం, కత్తి పట్టుకున్నవాడు చివరిసారి ఒక ప్రశ్న అడిగేవాడు: “తరువాత బాధపడతావా?” అవతలివాడు ఏమాత్రం తడబడినా ఆ పని చేసేవాడు కాదట. పిల్లవాడైతే జవాబు తండ్రి చెప్పేవాడు. ఆ తరువాత మూడు రోజులు గుక్కెడు మంచినీళ్లు కూడా ఇవ్వరు. బతికితే బతికినట్టు. తీసిన భాగాన్ని పారేయరు. భద్రం చేసి, పెట్టెలో పెట్టి, ఎత్తైన అటక మీద ఉంచేవారు. ఎంత ఎత్తున ఉంటే ఆ మనిషి కొలువులో అంత ఎత్తుకు వెళతాడని నమ్మకం. దాన్ని ‘బావ్’ అనేవారు. నిధి అని అర్థం. చనిపోయినప్పుడు ఆ పెట్టె శవంతో పాటు పూడ్చాలి. లేకపోతే పై లోకానికి నిండు మనిషిగా వెళ్లలేడు.

ఆ పెట్టెను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

లీ లియన్‌యింగ్ 1848లో పుట్టాడు. బీజింగ్‌కు దక్షిణాన దాచెంగ్ అనే ప్రాంతం. పేద కుటుంబం. పదేళ్లు నిండకుండానే అంతఃపురంలో చేరాడు. అప్పుడు పేరు లీ జిన్‌షీ. లియన్‌యింగ్ అనేది తరువాత కొలువులో వచ్చిన పేరు. అతను సేవించిన రాజమాత త్సిషీ. ఆమె గురించి వినని వారు ఉండరు. 1852లో చిన్న స్థాయి రాణిగా అంతఃపురంలో అడుగుపెట్టింది. 1856లో చక్రవర్తికి కొడుకుని కన్నది. 1861లో భర్త చనిపోయాక, కొడుకు ఐదేళ్ల పసివాడు కనుక, సింహాసనం వెనుక తెర కట్టించుకుని, ఆ తెర వెనుక కూర్చుని రాజ్యం చేసింది. కొడుకు 1875లో పోయాడు. అప్పుడు మరిది కొడుకును, మూడేళ్లు నిండిన పసివాణ్ణి, తెచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టింది. అతనే గ్వాంగ్‌శ్యూ చక్రవర్తి. 1908లో చనిపోయే వరకు అధికారం ఏదో ఒక రూపంలో ఆమె చేతిలోనే ఉంది. నలభై ఏడేళ్లు. కొలువులో ఆమెను ‘ముసలి బుద్ధుడు’ అని పిలిచేవారు.

ఆమె తల దువ్వేవాడు లీ లియన్‌యింగ్.

అతను పైకి వచ్చింది కూడా దువ్వెనతోనే అని చైనాలో కథగా చెప్పుకుంటారు. రాణికి జుట్టు అంటే ప్రాణం. దువ్వేటప్పుడు ఒక్క వెంట్రుక రాలినా మండిపడేది. ఇతను రాలిన వెంట్రుకను ఆమె కంటపడకుండా చొక్కా చేతిలోకి జార్చేసేవాడట. నిజమో కాదో పక్కన పెడదాం. ఒక మనిషి గురించి జనం ఏ కథ ఎంచుకుని చెప్పుకుంటారో అందులో ఒక తీర్పు ఉంటుంది. ఇందులో అతను అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఆమెకు ముసలితనం వస్తున్న సంగతిని రోజూ కొంచెం కొంచెంగా తన చేతి మడతలో దాచాడు.

ఇప్పుడు 1869లో జరిగిన ఒక సంగతి. అప్పటికి రాణికి ఇష్టుడైన సేవకుడు లీ కాదు, ఆన్ దెహాయ్ అనే అతను. పడుచువాడు, అందగాడు, రాణి అండ చూసుకుని ఎగిరేవాడు. యువ చక్రవర్తి పెళ్లికి పట్టుబట్టలు తెస్తానని పడవలలో, జెండాలతో, వాద్యాలతో దక్షిణానికి బయలుదేరాడు. అంతఃపుర సేవకుడు అనుమతి లేకుండా రాజధాని దాటితే మరణశిక్ష అని అప్పుడు చైనాను ఏలుతున్న చింగ్ వంశం చట్టం. షాన్‌దోంగ్ పాలకుడు దింగ్ బావ్‌జెన్ అతన్ని పట్టుకుని, జినాన్ నగరంలో తల నరికించాడు. రాణి కాపాడలేకపోయింది. అప్పటికి లీ లియన్‌యింగ్‌కు ఇరవై ఏళ్లు.

ఆ వార్త అంతఃపురంలో ఎలా పాకిందో, ఆ రాత్రి సేవకుల గదుల్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో మనకు ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఆ తరువాత నలభై ఏళ్లు లీ ప్రవర్తన చూస్తే, అతను ఆ తల తెగిన చప్పుడు విన్నాడనే నాకు అనిపిస్తుంది.

పదిహేడేళ్ల తరువాత, 1886లో, రాజధాని దాటే వంతు లీకే వచ్చింది. చైనా అప్పుడు కొత్తగా ఉత్తర నౌకాదళాన్ని సమకూర్చుకుంటోంది. జర్మనీలో కట్టించిన రెండు పెద్ద యుద్ధనౌకలు, దింగ్‌యువాన్, జెన్‌యువాన్, అంతకు ముందు ఏడాదే వచ్చాయి. వాటిని పరిశీలించడానికి చున్ యువరాజు తియన్‌జిన్, లూషున్, వెయ్‌హాయ్ రేవులకు బయలుదేరాడు. యువరాజు అంటే మామూలువాడు కాదు, చక్రవర్తి గ్వాంగ్‌శ్యూకు కన్నతండ్రి. రాణి అతని వెంట లీని పంపింది. రేవుల్లో పెద్ద పెద్ద అధికారులు అందరూ ఎదురుచూశారు. ఎవరి కోసం? యువరాజు కోసమని పైకి, రాణి సేవకుడి కోసమని లోపల. అతని చెవిలో ఒక మంచి మాట వేస్తే అది నేరుగా ఎక్కడికి చేరుతుందో వాళ్లకు తెలుసు.

ఈ ప్రయాణం గురించి వాంగ్ జావ్ రాసిపెట్టాడు. వాంగ్ జావ్ రాణి మనిషి కాదు. సంస్కరణల పక్షం వాడు, 1898లో రాణికి భయపడి జపాన్ పారిపోయినవాడు. అందుకే అతని మాటకు విలువ ఎక్కువ. అతను రాసిన ప్రకారం, లీ తన హోదా చూపించే దుస్తులు వేసుకోలేదు. సాదా బట్టలు కట్టుకున్నాడు. తన కోసం సిద్ధం చేసిన మంచి బసలో దిగలేదు. యువరాజు అతిథులతో మాట్లాడుతుంటే, పొడుగాటి పొగగొట్టం, తోలు పొగాకు సంచి పట్టుకుని వెనుక నిలబడ్డాడు. గొట్టం ఖాళీ అయితే నింపేవాడు. తనను కలవాలని వచ్చిన అధికారులకు ఆ నిలబడిన మనిషే సమాధానం. యువరాజు వెనుక నిలబడి పొగాకు కూరుతున్న నౌకరుతో రహస్యంగా ఏం మాట్లాడతారు?

ఎంత తెలివో చూడండి. అయినా ఫలితం? అతను తిరిగి వచ్చాక, ఝు యీషిన్ అనే అధికారి చక్రవర్తికి ఫిర్యాదు రాశాడు. అంతఃపుర సేవకుల్ని సైన్యం మీదికి పంపడం పాత తాంగ్ వంశాన్ని ముంచింది, మళ్లీ అదే మొదలైంది, దేశంలో వరదలు రావడం దానికి సూచన, అని. వరదలకు కూడా పొగాకు కూరిన మనిషే కారణం. రాణికి కోపం వచ్చి ఝు యీషిన్ పదవి తగ్గించింది. దాంతో లీ పేరు ఇంకా పాడైంది.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పుకోవాలి. మా నాన్నగారు ఒక కార్యాలయంలో బంట్రోతుగా ముప్పై నాలుగేళ్లు చేశారు. అధికారి బల్ల మీద గంట ఉండేది. గంట మోగిన తీరును బట్టి ఆయనకు తెలిసిపోయేది: ఒక్కసారి గట్టిగా కొడితే కోపం, రెండుసార్లు మెల్లగా కొడితే కాఫీ, ఆగి ఆగి కొడితే ఇంటి దగ్గర ఏదో గొడవ. లోపలికి వెళ్లాక ఆయన బల్లకు ఎదురుగా నిలబడేవారు కాదు, కొంచెం పక్కగా నిలబడేవారు. ఎదురుగా నిలబడితే సమానం అనుకుంటారు, వెనుక నిలబడితే పొంచి ఉన్నాడనుకుంటారు అనేవారు. ఒకసారి ఒక ముఖ్యమైన కాగితం కనపడకుండా పోయింది. అది అధికారే తన ఇంటికి తీసుకువెళ్లారని అందరికీ తెలుసు. కానీ మూడు నెలలు మా నాన్నగారి జీతం ఆపేశారు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నాకు అప్పుడు పన్నెండేళ్లు. ఎందుకు మాట్లాడలేదని అడిగితే, “ఆయనకు తెలుసురా” అన్నారు. అంతే.

పక్కగా నిలబడాలన్న సంగతి మా నాన్నగారికి ఎవరు నేర్పారో నాకు చాలా కాలం తెలియలేదు. తరువాత కాలేజీలో తిక్కన విరాటపర్వం చదువుతుంటే దొరికింది. అజ్ఞాతవాసానికి బయలుదేరే ముందు ధౌమ్యుడు పాండవులకు చెప్పిన మాటలు మీలో చాలామందికి వచ్చే ఉంటాయి. రాజు దగ్గర పక్కగా మెలగాలి. కొలువులో ఆవులింత, తుమ్ము, నవ్వు, ఉమ్మి బయటపడకూడదు. రాజు ఇంటి కంటే అందమైన ఇల్లు కట్టుకోకూడదు. ఎండ అనక, వాన అనక, ఆకలి అనక, నిద్ర అనక, అప్పగించిన పని చేయాలి. చెప్పిన ప్రతి వాక్యం వెనుక ఒక భయం ఉంది. సింహాసనం పక్కన బతికేవాడు నిప్పు పక్కన బతుకుతున్నాడని తిక్కనకు తెలుసు, మంత్రిగా రాజు పక్కనే బతికినవాడు కదా.

బీజింగ్‌లో లీ లియన్‌యింగ్ సమాధి రాతి మీద ఒక మాట చెక్కారు. పైవారిని భక్తితో, కిందివారిని ఉదారంగా చూశాడు, ఇన్ని ఏళ్లలో ఒక్కనాడూ అలసత్వం చూపలేదు అని. ధౌమ్యుడు చెప్పిన పాఠమే అది. విన్న శిష్యుడు వేరే దేశంలో ఉన్నాడు, అంతే.

ఆ పాఠం విన్న మన శిష్యుడు అర్జునుడు. ఆడవేషం వేసుకుని, పేడివాణ్ణని చెప్పుకుని, విరాటరాజు అంతఃపురంలో ఉత్తరకు నాట్యం నేర్పాడు. తన గాండీవాన్ని జమ్మిచెట్టు మీద కట్టి వెళ్లాడు. అది ఎత్తున, భద్రంగా ఉంది. ఏడాది గడిచింది. గోగ్రహణం వచ్చింది. చెట్టు దగ్గరికి వెళ్లి, ఉత్తరుణ్ణి పైకి ఎక్కించి, మూట దింపించి, విప్పి, విల్లు ఎక్కుపెట్టాడు. మనకు ఆ ఘట్టం ఎంత ఇష్టమో! ఎన్నిసార్లు పద్యాలు విన్నా, నాటకాలు చూసినా, మూట విప్పే చోట ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే లోపల దాగినది తిరిగి వచ్చింది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న పెట్టె ఇదీ. ఎత్తున, భద్రంగా అటక మీద. కానీ దాన్ని దింపే రోజు చావు రోజే. బృహన్నల గడువు ఒక్క ఏడాది, ఏ రోజున ముగుస్తుందో అతనికి ముందే తెలుసు. లీ లియన్‌యింగ్‌కు గడువు లేదు. యాభై ఏళ్లకు పైగా ఆ వేషం వేసుకునే ఉన్నాడు, దాని కింద వేరే మనిషి లేడు. నాకు ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు తట్టింది అదే. అప్పటి నుంచి ఇది నన్ను వదలలేదు.

ఈ చిత్రం తీసిన త్యెన్ జువాంగ్‌జువాంగ్ 1952లో పుట్టాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ నటులే. 1982లో బీజింగ్ చలనచిత్ర విద్యాలయం నుంచి బయటకు వచ్చిన ప్రసిద్ధ బృందంలో ఒకడు. అతని తొలి చిత్రాలు టిబెట్, ఇన్నర్ మంగోలియా మైదానాల్లో, మాటలు తక్కువ, ఆకాశం ఎక్కువ. వాటిని చూసినవారు బహు కొద్దిమంది. తరువాత కొంతకాలం బయటివారి కోరిక మీద సినిమాలు తీశాడు, వాటిలో ఇదొకటి. అందుకే కొందరు విమర్శకులు దీన్ని తేలిగ్గా తీసేస్తారు. నేను ఒప్పుకోను. 1991లో ఇది బెర్లిన్ చిత్రోత్సవంలో పోటీకి వెళ్లి, ప్రత్యేక ప్రశంస పొందింది. దీని తరువాత తీసిన చిత్రానికి అతను చాలా పెద్ద మూల్యం చెల్లించాడు, ఏళ్ల తరబడి సినిమా తీయడానికి వీలు లేకుండా పోయింది. ఆ కథ మరొక రోజుకు ఉంచుదాం.

లీ లియన్‌యింగ్‌గా జియాంగ్ వెన్ వేశాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా లేవు. విశేషమేమిటంటే, అంతకు కొన్నేళ్ల ముందే అతను మరొక చిత్రంలో చైనా చివరి చక్రవర్తి పూయీ పాత్ర వేశాడు. సింహాసనం మీద కూర్చున్న శరీరమే ఇక్కడ దాని పక్కన వంగుతుంది. రాణిగా ల్యూ షియావ్‌చింగ్. ఆమెకు ఇది కొత్త కాదు, 1983లోనే యువతి త్సిషీగా వేసి పేరు తెచ్చుకుంది. ఇక్కడ ముసలితనం వరకూ వెళ్లింది. చున్ యువరాజు పాత్ర జూ షూ చేశాడు, ఎంతో గొప్ప రంగస్థల నటుడు.

ఇక, ఈ చిత్రం ఏ అలవాటుకు ఎదురు నిలుస్తుందో చెప్పాలి. రాజుల కథ చెప్పేటప్పుడు మనం, చైనావాళ్లు, అందరమూ ఒకటే చేస్తాం. రాజు చెడ్డవాడైతే పక్కన ఒక చాడీకోరును వెతుకుతాం. శకుని లేకపోతే దుర్యోధనుడు బాగుపడేవాడేమో అన్నట్టు మాట్లాడతాం. చైనాలో కూడా ఎన్నో కథల్లో, నాటకాల్లో లీ అంటే విషం. నౌకాదళం డబ్బు రాణి వేసవి ప్రాసాదానికి ఖర్చయింది. 1894 సెప్టెంబరులో పసుపు సముద్రంలో జపాన్ చేతిలో ఆ నౌకాదళం దెబ్బతింది, మరుసటి ఏడాది వెయ్‌హాయ్‌లో పూర్తిగా పోయింది. లీనే కారణం అన్నారు. 1898లో గ్వాంగ్‌శ్యూ మొదలుపెట్టిన సంస్కరణలను నూరు రోజులకే రాణి ఆపి, చక్రవర్తిని సరస్సు మధ్య ద్వీపంలో బంధించింది. దానికీ లీనే కారణం అన్నారు. 1900లో విదేశీ సైన్యాలు వస్తుంటే రాణి కొలువు విడిచి పారిపోయే ముందు, చక్రవర్తికి ఇష్టమైన జెన్ రాణిని బావిలో తోయించింది. తోసినవాడు త్సుయ్ యూగుయ్ అనే వేరొక సేవకుడు. అది కూడా లీ మీదికి తోసిన కథలు ఉన్నాయి.

అతను అమాయకుడని నేను చెప్పను. లంచాలు తీసుకున్నాడు. రాణిని కలవాలంటే వాకిట్లో ముట్టజెప్పాలి, ఆ డబ్బు అతనికి చేరేది. బాగా సంపాదించాడు. అంతఃపుర సేవకులు నాలుగో శ్రేణి దాటకూడదని నియమం ఉండగా రాణి అతనికి రెండో శ్రేణి ఇచ్చింది, అతను తీసుకున్నాడు. ఇదంతా నిజం. కానీ నిర్ణయాలు త్సిషీవి. నలభై ఏడేళ్లు రాజ్యం చేసిన స్త్రీకి సొంత బుద్ధి లేదని, తల దువ్వేవాడు నడిపించాడని అనడం ఆమెకూ అవమానమే. ఆమె చేసిన దానికి ఆమెనే అడగాలి.

వాంగ్ జావ్ రాసిన మరొక సంగతి ఇక్కడ చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణి అవుతాను. 1900లో ఎనిమిది దేశాల సైన్యాలు బీజింగ్‌లోకి వచ్చాక కొలువంతా షీఆన్‌కు పారిపోయింది. ఏడాదిన్నర తరువాత తిరిగి వస్తూ చలికాలంలో బావ్‌దింగ్ పట్టణంలో ఆగారు. రాణి గదిలో పడక, పరుపులు, అన్నీ ఘనంగా అమర్చారు. ఆ పక్కన లీ గది కూడా బాగుంది. రాణి నిద్రపోయాక లీ చక్రవర్తిని చూడటానికి వెళ్లాడు. గ్వాంగ్‌శ్యూ దీపం ముందు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. గదిలో పరుపు లేదు, దుప్పటి లేదు. బందీ అయిన చక్రవర్తికి దుప్పటి పరిచి రాణి కోపం ఎవరు కొనితెచ్చుకుంటారు? అధికారులు ఎవరూ ముందుకు రాలేదు. లీ మోకాళ్ల మీద పడి, చక్రవర్తి కాళ్లు పట్టుకుని ఏడ్చాడట. తన పరుపు, తన దుప్పటి తెచ్చి ఇచ్చాడు. తరువాత గ్వాంగ్‌శ్యూ ఆ రోజులు తలచుకుని, లీ లేకపోతే నేను ఈ రోజు బతికి ఉండేవాణ్ణి కాదు అన్నాడని వాంగ్ జావ్ రాశాడు.

రాణి శత్రువు రాసిన మాట ఇది. దీన్ని ఎక్కడ పెడతాం? విలన్ పక్కన పెట్టలేం. అలాగని అదే లీ పదేళ్లు ఆ బందీ చక్రవర్తికి కాపలా కాసిన కొలువులో పెద్ద. నమ్మిన బంటు అని కూడా పూర్తిగా అనలేం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి, సినిమా ఈ రెంటినీ విడదీయదు. నాకు దీని మీద ఇంత ప్రేమ అందుకే.

పారిపోయిన రోజు గురించి రాణి దగ్గర పనిచేసిన ఒక పరిచారిక ముసలితనంలో చెప్పిన జ్ఞాపకాలు ఉన్నాయి. 1900 ఆగస్టు 15, తెల్లవారుజాము. రాణికి నీలి రంగు సాదా బట్టలు వేశారు, పల్లెటూరి ముసలమ్మ బట్టలు. రాజవంశం మంచూ జాతిది. మంచూ రాణుల కొప్పు తల మీద రెండు వైపులా విచ్చుకుని పెద్దగా ఉంటుంది, చూడగానే ఎవరో తెలిసిపోతుంది. దాన్ని విప్పాలి. లీ దువ్వెన తీసుకున్నాడు. అన్నేళ్లు రాణిగా అలంకరించిన తలను, ఆ ఉదయం చైనాలో ఎక్కువమంది అయిన హాన్ జాతి మామూలు ముసలమ్మలు చుట్టుకునే చిన్న ముడిగా మార్చాడు. తరువాత రాణి చేయి చాపింది. ఏళ్ల తరబడి పెంచిన, బంగారు తొడుగులు వేసి కాపాడిన పొడుగాటి గోళ్లను కత్తిరించేశారు. ఏమీ మాట్లాడలేదు. ఆ గదిలో ఆ నిమిషం రాజ్యం అంటే ఏమీ మిగలలేదు, ఒక ముసలామె, ఆమె జుట్టు ముడివేస్తున్న ఒక ముసలి నౌకరు.

మూడేళ్ల తరువాత తీసిన ఫోటోలు కొన్ని ఉన్నాయి. 1903లో రాణి ఫోటోలు తీయించుకోవడం మొదలుపెట్టింది. శ్యున్‌లింగ్ అనే యువకుడు తీశాడు. వాటిలో ఆమె గ్వాన్‌యిన్‌గా, అంటే అవలోకితేశ్వరుడి స్త్రీ రూపంగా, తామరల సరస్సు దగ్గర కూర్చుంది. పక్కన కవచం ధరించి, చేతులు జోడించి నిలబడింది లీ లియన్‌యింగ్. అతని వేషం వెయ్‌తువో. చైనా బౌద్ధాలయాల్లో ద్వారం దగ్గర కాపలా ఉండే ధర్మపాలకుడు. ఎవరో తెలుసా? స్కందుడు. మన కుమారస్వామే. బౌద్ధంతో కలిసి కొండలు దాటి చైనా చేరి, అక్కడ ఆ పేరుతో స్థిరపడ్డాడు. దేవసేనాని వేషంలో ఒక అంతఃపుర సేవకుడు! ఆ ఫోటోలో అతని ముఖం చూడండి. నవ్వు లేదు, బాధ లేదు. కొంచెం పక్కగా నిలబడ్డాడు.

1908 నవంబరు 14న గ్వాంగ్‌శ్యూ చనిపోయాడు, మరునాడే త్సిషీ చనిపోయింది. వంద ఏళ్ల తరువాత, 2008లో, చక్రవర్తి వెంట్రుకలూ బట్టలూ పరీక్షించి, అతను ఆర్సెనిక్ విషంతో పోయాడని తేల్చారు. లీ నూరు రోజులు శోకం పాటించి, 1909లో అంతఃపురం వదిలి వెళ్లిపోయాడు. రెండేళ్లకు, 1911లో, అతనూ పోయాడు. మరుసటి ఏడాది మొదట్లోనే చింగ్ రాజ్యం కూలింది.

అదే 1911లో, తియన్‌జిన్ దగ్గర జింగ్‌హాయ్ అనే ప్రాంతంలో ఒక పేద తండ్రి తన ఎనిమిదేళ్ల కొడుకును ఇంట్లోనే, తన చేతులతోనే కోశాడు. ఆ ఊళ్ల నుంచి అంతఃపురానికి వెళ్లి ధనవంతుడై తిరిగి వచ్చిన సేవకుణ్ణి చూసి, తన బిడ్డ కూడా అలా అవుతాడని ఆశ. కొన్ని నెలలకే, 1912 ఫిబ్రవరి 12న, చక్రవర్తి సింహాసనం వదిలాడు. కబురు తెలిసి ఆ తండ్రి గుండెలు బాదుకున్నాడు. ఆ పిల్లవాడు సున్ యావ్‌తింగ్. తరువాత పేరుకే మిగిలిన కొలువులో కొన్నేళ్లు పనిచేశాడు, 1996లో బీజింగ్‌లో ఒక బౌద్ధాలయంలో చనిపోయాడు. చైనా చివరి అంతఃపుర సేవకుడు. అతని పెట్టెను, పాత కాలపు గుర్తులను వెతికి ధ్వంసం చేసిన సాంస్కృతిక విప్లవ కాలంలో, ఇంట్లోవాళ్లు భయపడి పారేశారు. దాని గురించి చెప్పినప్పుడల్లా అతని కళ్లలో నీళ్లు తిరిగేవట.

లీ సమాధిని కూడా ఆ రోజుల్లోనే, 1966లో తవ్వారు. పేటిక తెరిచిన వాళ్లు లోపల తల మాత్రమే ఉందని, శరీరం లేదని చెప్పారు. నిండు మనిషిగా వెళ్లాలని ఎదురుచూసే కులం అది.

ఇక ఆపుతాను. సినిమాలో మాటలు తెరకింద తెలుగులో వేశాం, మా మిత్రులు నెల రోజులు కూర్చుని చేశారు. అయినా ఒక కోరిక. మధ్యమధ్యలో చదవడం ఆపి జియాంగ్ వెన్ శరీరాన్ని చూడండి. రాణి గదిలోకి వచ్చినప్పుడు ఎక్కడ ఆగుతాడో, ఎంత దూరంలో నిలబడతాడో, ఆమె మాట్లాడక ముందే చేయి ఎటు కదులుతుందో చూడండి. మా నాన్నగారు ఉంటే ఈ రోజు మొదటి వరుసలో కూర్చునేవారు కాదు, ఎంత బతిమాలినా. ఆ తలుపు పక్కన నిలబడి చూసేవారు.

దీపాలు ఆర్పండి. మొదలుపెడదాం.